చిన్న ట్రాక్టరుకు బ్యాక్‌హో: మన్నిక, సంరక్షణ

కాలువలు, గుంటలు త్రవ్వుటకు చిన్న ట్రాక్టరు వెనుక తగిలించు బ్యాక్‌హో మంచి సాధనమే. కాని ట్రాక్టరు లాగుటకై పుట్టినది, పెకలించుటకై కాదు. బకెట్టు బండకు తగిలినపుడు ఆ పోటంతయు వెనుకకు మరలి ట్రాక్టరుపై బడును. నాగలివలె త్రీపాయింట్ లింకేజికే బిగించినచో, ఆ భారమును గేరుపెట్టెయొక్క పోతయినుప తొడుగు భరింపవలసివచ్చును. పోతయినుము వంగదు, పగులును. కావున వెనుక ఇరుసునుండి ముందుభాగమువరకు సాగు సబ్‌ఫ్రేముగల దానినే కొనవలెను. రంగు చూచి కొనువారు మనలో లేకపోలేదు. వారు అడుగుభాగమున వంగి చూచుట మేలు.

పని జరుగు ప్రతిదినమును కీళ్లకు, మురికి గ్రీజు వెలికివచ్చువరకు, క్రొత్త గ్రీజు పట్టింపవలెను. ఇసుక కలసిన పాత గ్రీజు ఆకురాయివలె పిన్నులను అరగదీయును. పిన్ను వదులైన వెంటనే బుష్ మార్పవలెను. ఆలసించినచో రంధ్రమే కోలగిలి, వెల్డింగుపని తప్పదు. పని ముగిసిన పిదప సిలిండరు కడ్డీలను వీలైనంత లోనికి ముడిచి నిలిపినచో తుప్పు పట్టదు.

హోసుపైపు కారుచున్నదేమోయని వ్రేలితో తడుమరాదు. సన్నని చిల్లినుండి చిమ్ము నూనె చర్మమును దూరి లోనికిపోవును. గాయము చీమకాటంతయే కనబడినను, తక్షణమే ఆసుపత్రికి పోవలెను. జాగుచేసినచో చేయి తీసివేయవలసి రావచ్చును. ఇంజను నడచుచుండగా అట్టముక్కను దూరముగా బట్టి చూచిన కారుట తెలియును. మరమ్మతుమాత్రము ఇంజను ఆపి, బకెట్టును నేలకు దించి, మీటలు కదిపి, ఒత్తిడి పోగొట్టిన పిమ్మటనే.