పెన్సిల్‌తో రాసిన పేరు

రాజమహేంద్రవరం,
ఆదివారం.

చిట్టీ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడ్చింది కూర్చోడానికి సరైన కుర్చీ లేదని కాదని నాకు తెలుసు. "పదిరోజులైంది పెద్దమ్మా, ఒక్కరూ నా పేరు అడగలేదు, ఆపరేటరూ అనే పిలుస్తున్నారు" అన్నావు చూడు, అసలు సంగతి అది. హాజరుపట్టీలో అందరి పేర్లూ సిరాతో రాసి, కింద గీత కొట్టి, ఆ గీత కింద నీ పేరు పెన్సిల్‌తో రాశారన్నావు. నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. 1987 ఆగస్టులో నేను దినకూలీ టైపిస్టుగా చేరినప్పుడు నా పేరు అసలు ఆ పట్టీలోనే లేదు. మాకు వేరే మస్టర్ రోల్ ఉండేది. రోడ్డు పని కూలీలకి రాసేలాంటిదే. ఆదివారం గడిలో అడ్డగీత. ఆ రోజు జీతం లేదు.

నా పరువు మొదటి వారంలోనే పోయింది. సూపరింటెండెంట్ గారు తలెత్తకుండానే "అమ్మాయ్, నిన్నటి కరెంటు ఏదీ?" అన్నారు. గబగబా వెళ్లి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. సెక్షనంతా నావైపు తిరిగింది. ఆఫీసులో కరెంటంటే బయటినుంచి వచ్చి నంబరు పడిన కాగితమని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. తపాలు, ఇన్‌వర్డు, నోట్‌ఫైలు, పుటప్పు, ఆర్.డిస్., ఎల్.డిస్.... ఇదంతా ఒక భాష. ఈ-ఆఫీసు వచ్చి కాగితాలు తగ్గినా భాష అలాగే ఉంది. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ దాచాల్సిన ఫైలు. ఎల్.డిస్. అంటే ఏడాది తిరిగాక తీసిపారెయ్యొచ్చు. ఇవి నీకు నేర్పే తీరిక సూపరింటెండెంటుకి ఉండదు. రికార్డు రూము తాళాలు పట్టుకు తిరిగే పెద్దాయన ఉంటాడే, అటెండరు, ఆయన్ని అడుగు. "బాబాయిగారూ" అని పిలు. ఏ బీరువాలో ఏ సంవత్సరం కట్ట ఉందో ఆఫీసరుకి తెలియదు, ఆయనకి తెలుసు.

టైపు సంగతి నీకు చెప్పక్కర్లేదు, నాకంటే వేగం నీది. ఒక్కటే చెప్తాను. సోమవారం గ్రీవెన్సులో అర్జీలు కుప్పపడితే ఎవరి పేరు ఎలా కొడుతున్నావో చూసుకో. అను ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. అర్జీదారు ఇంటిపేరులో ఒక్క ఒత్తు పోయిందంటే ఆ ముసలాయన ఆ తప్పు దిద్దించుకోడానికి మళ్లీ బస్సెక్కి రావాలి. ఆధార్ కాగితం పక్కన పెట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం సరిచూడు.

ఇప్పుడు నన్ను భయపెట్టిన విషయానికొస్తాను. సార్ డిజిటల్ కీ నీ డ్రాయరులోనే ఉంటోందనీ, "నువ్వే కొట్టెయ్యమ్మా" అంటున్నారనీ మురిసిపోతూ చెప్పావు. అది నమ్మకం కాదే, బద్ధకం. ఆ కీ పెట్టి నొక్కితే పడేది ఆయన సంతకం. రేపేదైనా తేడా వస్తే మాత్రం "అదంతా ఆపరేటరు చేసింది, నాకు తెలీదు" అంటారు. అప్పుడు అందరికీ నీ పేరు గుర్తొస్తుంది! ఎదురు చెప్పక్కర్లేదు. "సార్, మీరొచ్చాక మీ ఎదురుగా చేసేస్తాను" అను. సాయంత్రం కీ ఆయన చేతికే ఇచ్చి, నీ పుస్తకంలో టైము రాసుకో. నోటిమాట మీద పని చెయ్యాల్సివస్తే ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో అది కూడా అందులో రాయి. ఒకసారి ఒక ఆర్డరు ఇంకా సంతకం కాకముందే "ఫెయిర్ కాపీ పంపించెయ్" అంటే నేను పంపేశాను. తర్వాత రగడైతే, పంపమన్న మనిషి నాకేసి కొత్తవాళ్లని చూసినట్టు చూశాడు.

డబ్బు మాట కూడా ఇప్పుడే చెప్పాలి. "టీ ఖర్చులకమ్మా" అని వంద నోటు పెట్టేవాళ్లుంటారు. అంతకంటే ప్రమాదం "ఈ కవరు సార్‌కి ఇచ్చెయ్" అనేవాళ్లు. ఏసీబీ వాళ్లు వలపన్నినప్పుడు నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తెల్లగా ఉంటుంది, కంటికి ఆనదు. ఆ నోట్లు ముట్టుకున్న వేళ్లని సోడా కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ నీళ్లకి పర్మనెంటు చెయ్యా, టెంపరరీ చెయ్యా అని తేడా తెలీదు. కవరు ఎవరిచ్చినా చేతులు వెనక్కి పెట్టుకో. మర్యాద తక్కువైందనుకుంటే అనుకోనీ.

ఇంకో సంగతి. నాతోపాటు అదే నెలలో ఇంకో అమ్మాయి చేరింది. నాకంటే చురుకు, అక్షరం తప్పు పోనిచ్చేది కాదు. 1994 ఏప్రిల్లో జీవో 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు వరుసగా పనిచేసి ఉన్న తాత్కాలికోద్యోగుల్ని, మిగతా షరతులు కూడా సరిపోతే, పర్మనెంట్ చెయ్యొచ్చని. ఇద్దరికీ ఆరేళ్లు నిండాయి. తీరా చూస్తే ఆఫీసు మారినప్పుడు రెండేళ్ల మస్టర్ రోల్స్ గల్లంతు. పనిచేసిందని అందరికీ తెలుసు, కాగితం మీద లేదు. నాకు మటుకు అదృష్టం. మా కూలి బిల్లులు టైపు కొట్టేది నేనే, వాటి కార్బన్ కాపీలు పారెయ్యడానికి మనసొప్పక బిస్కెట్ల డబ్బాలో పెట్టేదాన్ని. ఆ నీలం కాగితాలు ఆమెకీ పనికొచ్చాయి. కానీ నేను సెలవు పెట్టిన నాలుగు నెలలు, మీ అన్నయ్య పుట్టినప్పుడు, బిల్లులు ఇంకెవరో కొట్టారు. ఆ నాలుగు నెలలకి నాకు డాక్టరు కాగితాలైనా ఉన్నాయి, ఆమెకి ఏమీ లేదు. దానికోసం ఆమె తిరిగిన తిరుగుడు ఇప్పటికీ నా గుండెలో గుచ్చుకుంటుంది.

నీకు అలాంటి జీవో వస్తుందని చెప్పడానికి కాదు ఇదంతా. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఎన్నేళ్లు చేసినా పర్మనెంట్ చెయ్యడం హక్కని అడగడానికి లేకుండా పోయింది. ఆ ఆశతో కూర్చోకు. గ్రూప్-2కి చదువు, కాకపోతే ఆఫీసు బల్ల మీద పుస్తకం తెరవకు, మీ సెక్షన్ మేడమ్ కంట్లో పడితే ఏడాదిపాటు అదే మాట వింటావు.

ఏజెన్సీ వాళ్లిచ్చిన ఆర్డరు కాపీ, ప్రతి నెలా పే స్లిప్పు దాచుకో. జీతం మొదటి నెల పడకపోవచ్చు, రెండు మూడు నెలలది కుప్పగా పడటం చాలాచోట్ల ఉన్నదే. ఈలోగా ఎవరి రిటైర్మెంటుకో చందా పట్టీ వస్తే "నా జీతం పడలేదండీ" అని నవ్వుతూ చెప్పు, సిగ్గేం లేదు. పీఎఫ్‌కి నీ జీతంలోంచి 12 శాతం పట్టుకుంటే, యజమాని కూడా అంతే వెయ్యాలి. 21 వేల లోపు జీతమైతే ఈఎస్ఐకి నీది ముప్పావు శాతం, వాళ్లది మూడుంపావు. పట్టుకోవడం ఒక ఎత్తు, కట్టడం ఒక ఎత్తు. పీఎఫ్ కట్టారో లేదో పాస్‌బుక్కులో నువ్వే చూసుకోవాలి. ఏజెన్సీ మారినా నీ పీఎఫ్ యూఏఎన్ నంబరు మార్చనివ్వకు. పెన్షనుకి పదేళ్ల సర్వీసు కావాలి, ఇక్కడొక ఏడాది అక్కడొక ఏడాది అన్నీ కలిసేది ఆ పన్నెండంకెల దగ్గరే.

మీ అమ్మకి చెప్పలేక నాకు చెప్పావే, ఆ రెండో సీటాయన సంగతి. మౌసు పట్టుకున్న నీ చేతి మీద చెయ్యి వెయ్యడం పని నేర్పడం కాదు. లేచి నిలబడి, నలుగురికీ వినపడేలా "నేను చేసుకుంటానండీ" అను. ఆగకపోతే 2013 చట్టం కింద ఆఫీసులో కమిటీ ఉండాలి, టెంపరరీ వాళ్లకీ అది వర్తిస్తుంది. మూడు నెలల్లోపు రాసివ్వాలి. రాయాల్సివస్తే నా దగ్గరికి రా, ఇద్దరం కలిసి రాద్దాం.

వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆధార్, టెన్త్ సర్టిఫికెట్, ఆ యూఏఎన్ కాగితం తెచ్చుకో. టెన్త్‌లో మీ ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో మీ నాన్న చివర పెట్టించాడు. పీఎఫ్‌లో ఏజెన్సీవాడు ఏది కొట్టాడో చూద్దాం.

మీ పెద్దమ్మ