పరుల జాతీయ దినమున మనవారు

పాపఘ్ని కొండను చీల్చుకొని పారు గండి పరిసరములందును, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందును కువైటు పేరు వినని ఇల్లు అరుదు. అచ్చటినుండి వచ్చు పైకమును గూర్చి అందరమును ఎరుగుదుము. అచ్చటి పండుగనాడు మనవారి స్థితి ఎట్టిదో విచారించినవారు తక్కువ.

కువైటు స్వతంత్రమైనది 1961 జూన్ 19న. అయినను జాతీయ దినమును ఫిబ్రవరి 25న జరుపుకొందురు. 1950లో షేక్ అబ్దుల్లా అల్ సాలిం గద్దెనెక్కిన దినమది. జూన్ ఎండలో ఊరేగింపు లెట్లు సాగును? కడప వేసవి నెరిగిన మనకు ఈ యుక్తిని వివరింపనక్కరలేదు. మరునాడు విమోచన దినము. 1991లో ఇరాకు సేనలు తొలగిపోయినందుకు గురుతు.

ఈ రెండవ దినము మనకును పరాయిది కాదు. 1990 ఆగస్టు 2న దండయాత్ర జరుగగా, లక్షకు పైగా భారతీయులు సర్వము విడిచి, పెక్కురు జోర్డానులోని అమ్మాను మీదుగా ఎయిర్ ఇండియా విమానములలో ఇల్లు చేరిరి. అంతకుముందరి బంధము మరియొకటి కలదు. 1961లో దీనారు వచ్చువరకు అచ్చట చెల్లినది రూపాయియే!

ఆ రెండు దినములు సముద్రతీరపు వీధిలో ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, నలుపు రంగుల జెండాలతో కార్లు బారులు తీరును. పిల్లలు నీళ్ళు చిమ్ముకొను వాడుకయు చాలకాలము సాగినది. అది మన వసంతములాట వంటిదే. నిలబడి చూచుటకు పరదేశికి అడ్డులేదు. సెలవు దొరకుటయే ప్రశ్న.

2010 నాటి 6వ చట్టము ప్రకారము ప్రైవేటు సంస్థల కార్మికులకు ఈ రెండును జీతముతో కూడిన సెలవులు. పని చేయించినచో రెట్టింపు కూలియు, బదులు సెలవును ఈయవలెను. అయితే ఇండ్లలో పనిచేయువారిని ఆ చట్టము మినహాయించినది. వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు ఈ కోవలోనివారే. మన జిల్లానుండి పోయిన స్త్రీలలో పెక్కురు వీరే. వీరికొరకు 2015లో 68వ చట్టము వచ్చి, వారమునకొక విశ్రాంతి దినమును, ఏడాదికి జీతముతో 30 దినముల సెలవును కల్పించినది. కాని చుట్టములతో ఇల్లు నిండిన పండుగనాడు వంటింటి పొయ్యి ఆరదు. దీపాలంకరణను కిటికీలోనుండి చూచితిమని తిరిగివచ్చిన అక్కలు చెప్పగా విన్నాము.

కనుక ప్రయాణమునకు ముందే, ఒప్పందపత్రములో వారపు సెలవు ఏ దినమని వ్రాసినారో చదివించుకొనవలెను. మన ఉర్దూ తరగతివారికి ఆ లిపి పరిచితమే. భాష అరబ్బీ గనుక మౌల్వీగారి సాయము కావలయును. కళాశాల సంఘమువారు పఠనమందిరమున వారమునకొక సాయంకాలము ఇందుకు కేటాయించినచో, కాగితములు తెచ్చినవారికి తెలుగులో వ్రాసి ఇచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నాము.