యూరప్ క్లబ్బుకు ఏ వయసులో?

ప్రశ్న: అమెరికా కుర్రాళ్లు పదహారేళ్లకే యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో చేరుతున్నారు. విజయనగరం కుర్రాడికి ఆ దారి ఉందా?

జవాబు: 18 ఏళ్లు నిండని ఆటగాడు మరో దేశపు క్లబ్బుకు మారడాన్ని ఫిఫా బదిలీ నిబంధనల్లోని 19వ అధికరణం నిషేధిస్తుంది. మినహాయింపులు కొద్ది. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పనిమీద ఆ దేశానికి తరలివెళ్లడం ఒకటి. 16 నిండినవారు యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య మారడం మరొకటి. ఇది యూరప్ పాస్‌పోర్టు ఉన్న అమెరికన్లకూ అక్కరకొస్తోంది. పెన్సిల్వేనియాలో పుట్టిన క్రిస్టియన్ పులిసిక్, తాత తరఫున దక్కిన క్రొయేషియా పౌరసత్వంతో 2015లోనే జర్మనీలోని డార్ట్‌మండ్ క్లబ్బులో చేరాడు. అలాంటి పాస్‌పోర్టు లేని మరో అమెరికన్ వెస్టన్ మెకెనీ 2016లో, పద్దెనిమిది నిండాకే జర్మనీ క్లబ్బు షాల్కెతో ఒప్పందం చేసుకున్నాడు.

భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. కనుక ఉత్తరాంధ్ర పిల్లవాడికి కాళ్లలో ఎంత ఆట ఉన్నా, ఇక్కడ ఉంటూ ఆడేవాడైతే పద్దెనిమిది దాకా ఆగక తప్పదు. ఆ తర్వాత వీసా, పని అనుమతి ఎలాగూ కావాలి. ‘యూరప్ అకాడమీలో సీటు’ అంటూ పదిహేనేళ్లవాడి ఇంట సొమ్మడిగేవారు అమ్మేది చాలావరకు శిక్షణ శిబిరమే, క్లబ్బులో చోటు కాదు.

తెలుగువారిలో నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై దాటాయి. మారిషస్ తెలుగు మూలాలున్న వికాస్ దొరసూ సంగతి వేరు. ఫ్రాన్స్‌లోనే పుట్టి, 2006 ప్రపంచకప్‌లో ఆ దేశం తరఫునే ఆడాడు.