కవరు విప్పగానే తుప్పు

విశాఖపట్నం

చి. చిన్నికి,


నువ్వు పంపిన కొత్త గిటారు తీగల ఫొటో పెద్దది చేసి చూశాను. మొదటి తీగ మీద వరసగా ఉన్న ఆ ఎర్రమట్టి రంగు చుక్కలు తుప్పే, సందేహం లేదు. రెండో తీగ మధ్యలో కూడా ఉంది, గమనించావో లేదో. షాపతను "మీ చేతి చెమట వల్ల వస్తుందమ్మా" అన్నాడని రాశావు. గిటారుకి ఎక్కించనే లేదు కదా, ఆ తీగకి నీ చెమట ఎక్కణ్ణుంచి తగిలింది తల్లీ? ఆ మాట నువ్వు మనసులో పెట్టుకోకు. కొబ్బరినూనె రాసి వాడమన్నాడుగా, అదీ చెయ్యకు. ఆ తీగలు గిటారుకి ఎక్కించొద్దు. సెట్టు మొత్తం వెనక్కి ఇచ్చెయ్.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరంగా రాస్తాను, రేపు షాపులో నువ్వు ధైర్యంగా మాట్లాడాలి కాబట్టి.

నీ అకౌస్టిక్ గిటారు మొదటి రెండు తీగలు ఒట్టి ఉక్కు తీగలు. వాటి మీద పల్చగా తగరం పూత ఉంటుంది. జీఐ బకెట్ మీద ఉండే జింకు తాను కరిగిపోతూ అడుగునున్న ఇనుమును కాపాడుతుంది. తగరానికి ఆ గుణం లేదు. కప్పి ఉన్నంతసేపే దాని కాపలా. పూతలో సూదిమొనంత గీత పడినా, అక్కడ బయటపడ్డ ఇనుము తగరం పక్కన ఉన్నందుకు ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. అందుకే తీగంతా ఒకేలా కాకుండా చుక్కలు చుక్కలుగా వచ్చింది. మిగతా నాలుగు తీగలకి లోపల ఉక్కు, పైన చుట్టింది కంచు. కంచు నల్లబడుతుంది, ఆకుపచ్చగా చిలుము పడుతుంది. అది తుప్పు కాదు. కొంచెం రంగు మారినంత మాత్రాన తగాదా పడొద్దు, మీటి చూసి మోత బాగుంటే వాడుకో. కానీ చుట్ల సందుల్లోంచి ఎర్రపొడి రాలితే తుప్పు లోపలి ఉక్కుని తినేసినట్టే.

ఇక మన సముద్రపు గాలి. ఆషాఢం వచ్చిందంటే వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం చూస్తూనే ఉన్నావు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరవుతుంది. మన తీరంలో వానాకాలమంతా ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉంటుంది. ఇనుము మీద పడిన ఉప్పు కణం అలా నీరై తుప్పుని పెంచుతుంది. ఒక్కో తీగని విడివిడిగా కాగితం కవర్లో పెట్టి అమ్మే సెట్లు మన ఊళ్ళలో నెలల తరబడి అద్దాల షోకేసులో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాగితం చెమ్మని పీల్చుకుని తీగకే అంటిస్తుంది.

కాబట్టి ఈసారి ఆరు తీగలూ ఒకే సీలు చేసిన ప్లాస్టిక్ కవర్లో ఉన్న సెట్టు అడుగు. వేళ్ళతో మెల్లగా నొక్కి చూడు, సీలు బాగుంటే లోపలి గాలి బయటికి పోదు. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ అట్ట మీద ఉండాలి. అవేమీ లేకుండా పేరున్న బ్రాండు సగం ధరకే ఇస్తున్నారంటే నకిలీ అని అనుమానించాల్సిందే. పెద్ద షాపు కన్నా సరుకు త్వరగా అమ్ముడయ్యే షాపు నయం. చర్చి గాయక బృందాల వాళ్ళు ఎక్కడ కొంటారో కనుక్కో, వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. డబ్బు సరిపోతే పాలిమర్ పూత ఉన్న తీగలు తీసుకో. గోర్ కంపెనీ 1990ల్లో ఎలిక్సర్ పేరుతో తెచ్చాక అవి బాగా వాడకంలోకి వచ్చాయి. ఖరీదు ఎక్కువే గాని మన గాలికి తగినవి. అయినా వాటిలో కూడా మొదటి రెండూ వెలుతురులో పెట్టి చూశాకే ఎక్కించు.

తుప్పు తుడిచేసి వాడితే ఏమవుతుందని అడిగావు. మొదటి తీగ మందం 0.012 అంగుళాలు, అంటే 0.3 మిల్లీమీటర్లు. శ్రుతిలో ఉన్నప్పుడు అది దాదాపు 10 కిలోల లాగుడు మోస్తుంది. తుప్పు తిన్న గుంట దగ్గర ఉక్కు ఇంకా సన్నబడి అక్కడే తెగుతుంది, వాయిస్తుంటే ముఖం దగ్గర. నాకు అన్నిటికన్నా భయం అదే. పైగా ఫ్రెట్లు చాలా గిటార్లకి జర్మన్ సిల్వర్‌వి, అంటే రాగి, నికెల్, జింకు కలిపినవి. ఉక్కు కన్నా మెత్తన. గరుకు తీగ లాగినప్పుడల్లా అవి అరుగుతాయి. తీగల సెట్టు మళ్ళీ కొనుక్కోవచ్చు, ఫ్రెట్లు మార్చడం చిన్న ఖర్చు కాదు.

తుప్పు లేకపోయినా కొత్త తీగ చెడ్డది కావచ్చు. శ్రుతి చేశాక పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటు, తరవాత అదే ఫ్రెట్ నొక్కి మీటు. ట్యూనర్ రెండుసార్లూ ఒకే చోట నిలవాలి. ఒక్క తీగలోనే తేడా ఉండి, పాత తీగకి ఆ తేడా లేకపోతే తీగ మందం సమంగా లేదన్నమాట. తీగ చివరి గుండు దగ్గరి మెలిక జారుతుంటే ఎంత బిగించినా శ్రుతి దిగుతూనే ఉంటుంది. అయితే ఏ కంపెనీ తీగ వేసినా ప్రతిసారీ బ్రిడ్జ్ మీద ఒకే చోట తెగితే తప్పు తీగది కాదు, అక్కడ గిటారుకి పదునైన అంచు ఉంది. దానికి షాపతన్ని నిందించకు, గిటారు బాగుచేసేవాళ్ళకి చూపించు.

రేపు వెళ్ళేటప్పుడు కవరు, అట్ట, బిల్లు, ఫొటోలు అన్నీ తీసుకెళ్ళు. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ వివరం కూడా చూపించు. మర్యాదగానే అడుగు, మార్చి ఇమ్మను. కుదరదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానని చెప్పు, నిజంగానే చెయ్యి. ఇంత చిన్న మొత్తానికి ఎందుకని మీ నాన్న అంటాడు. నేను మాట్లాడతాను వాడితో.

కొత్త సెట్టు వచ్చాక కాలేజీ ప్రోగ్రాంకి రెండు రోజుల ముందే ఎక్కించు, సాగి కుదురుకోవాలి. వాయించే ముందు చేతులు కడుక్కో, అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడువు. అదనంగా కొన్న సెట్టుని మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికాజెల్ పొట్లం వేసి దాచు. గిటారు పెట్టెలో మాత్రం గుప్పెడు పొట్లాలు వెయ్యకు. కర్ర చుట్టూ గాలిలో 45 నుంచి 55 శాతం తేమ ఉండాలి, మరీ ఎండితే పగులుతుంది.

ఏం జరిగిందో రేపు సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న