పుష్పముల స్వపర భేదము

పువ్వునకు కన్నులు లేవు, చెవులు లేవు. అయినను తనపై వ్రాలిన పుప్పొడి తనదో, పరాయిదో కొన్ని జాతుల పువ్వులు తెలిసికొనగలవు. తనదైనచో దానిని నిరాకరించును, పరాయిదైనచో ఆదరించును. లోకమున మనుష్యులు నడచుకొను తీరునకు ఇది విపరీతము కదా! ఈ గుణమునకు వృక్షశాస్త్రజ్ఞులు ఆత్మవంధ్యత్వమని పేరిడిరి.

పెక్కు పువ్వులయందు కేసరములును, అండాశయమును ఒక్కచోటనే యుండును. కేసరముల పుప్పొడి ప్రక్కనేయున్న కీలాగ్రముపై బడుటకంటె సులభమైన పని యేమున్నది? వరి, వేరుసెనగ మొదలగునవి ప్రధానముగా ఈ విధముననే గింజ కట్టుచున్నవి. అట్లుండగా కొన్ని మొక్కలు ఇంత సుగమమైన త్రోవను విడిచి, తుమ్మెద తెచ్చు పరాగమునకై ఏల కాచుకొని యుండవలెను?

ఇట్టి ప్రశ్నకు సమాధానము వెదకుచు చార్లెస్ డార్విన్ పదునొకండు సంవత్సరములు ప్రయోగములు చేసెను. ఐపోమియా యను పూలతీగయందు (మన పెరటి కాశీరత్నము దీని చుట్టమే) స్వపరాగముచే గలిగిన మొలకలను, పరపరాగముచే గలిగిన మొలకలను ఒకే కుండలో ఎదురెదురుగా నాటి, పది తరములవరకు వాని యెత్తులను కొలిచెను. పరపరాగ సంతతి యెత్తు 100 అనుకొన్నచో, స్వపరాగ సంతతి యెత్తు సగటున 77 మాత్రమే. ఆరవ తరమున స్వపరాగ సంతతికి చెందిన తీగ యొకటి తన ప్రత్యర్థిని అర అంగుళము మించెను. డార్విన్ దానికి ‘వీరుడు’ అని పేరు పెట్టెను. అట్టి వీరులు అరుదు. ఈ వృత్తాంతము 1876లో వెలువడిన ఆయన గ్రంథమున కలదు. మొక్కయందు సాధారణముగా ప్రతి జన్యువునకు రెండు ప్రతులుండును. ఒకటి చెడినను రెండవది పని జరుపును. తల్లియు తండ్రియు ఒక్కటే యైనపుడు చెడిన ప్రతులు రెండును ఒకే సంతానమునకు సంక్రమించు అవకాశము హెచ్చును.

1925లో అమెరికాలో ఈస్ట్, మాంగెల్స్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు జాతి మొక్కలను పరిశీలించి, వానియందలి స్వపర భేదము ‘ఎస్’ అను జన్యువుయొక్క అనేక రూపములపై ఆధారపడి యున్నదని వివరించిరి. వానిని ఎస్1, ఎస్2, ఎస్3 అని వ్యవహరింతురు. మొక్కలో రెండు రూపములుండును. పుప్పొడి రేణువులో ఒకటియే. ఎస్1, ఎస్2 గల పువ్వుపై ఆ రెంటిలో ఏ రేణువు పడినను నిష్ఫలమే. ఎస్3 రేణువునకు మాత్రము త్రోవ తెరచియుండును.

ఆ త్రోవలో జరుగునదేమి? తోటలలో పెంచు పెటూనియాను చూడుడు. అదియు పొగాకు, వంగల కుటుంబమునకు చెందినదే. పుప్పొడి రేణువు కీలాగ్రముపై మొలకెత్తి, సన్నని నాళమును పుట్టించును. ఆ నాళము కీలములోనుండి సాగి అండాశయమును చేరవలెను. కాని కీలము ఆ దారి పొడుగునను ఒక విధమైన విషమును నింపియుంచును. ఇది ఆర్.ఎన్.ఎ.ను ముక్కలు చేయు ఎన్‌జైము. దీని ఈ స్వభావమును 1989లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పొగాకు జాతి మొక్కలో కనుగొనిరి. ఆర్.ఎన్.ఎ. లేనిదే కణము ప్రోటీనులను తయారుచేయజాలదు. ప్రోటీనులు లేనిదే నాళము పెరుగదు. వింత యేమనగా, ఈ విషము స్వంత నాళములోనికిని, పరాయి నాళములోనికిని కూడ ప్రవేశించును! మరి పరాయిది ఎట్లు బ్రదుకును? ప్రతి రేణువును తనతో పెక్కు విరుగుడులను తెచ్చుకొనును. ఒక్కొక్క విరుగుడు కొన్ని రూపముల విషమును పట్టి, వానిని నాశనమునకు అప్పగించును. తన రూపపు విషమునకు మాత్రము ఆ సంచిలో విరుగుడు లేదు. కావున స్వంత పుప్పొడి నాళము నడిదారిలోనే నిలిచిపోవును. అట్టి విరుగుడు ఒకటి పెటూనియాలో కలదని 2004లో రుజువైనది. అవి అనేకములనియు, కలసి పనిచేయుననియు 2010లో తేలినది.

ఆవ, క్యాబేజీల కుటుంబమున పద్ధతి వేరు. అచట పుప్పొడి పైపూతలోని చిన్న ప్రోటీను తాళపుచెవి వంటిది. కీలాగ్రముపై నున్న మరియొక ప్రోటీను తాళము వంటిది. చెవి తాళమునకు సరిపడినచో తలుపు తెరచుకొనదు, మూసికొనును! రేణువునకు నీరందదు. మొగ్గదశలో ఈ తాళమింకను అమరియుండదు. కావున స్వపరాగ విత్తనము కావలసినవారు మొగ్గను విప్పి పుప్పొడి నద్దుదురు.

ఈ కట్టుబాటు తోటమాలికి చిక్కులు తెచ్చును. హిమాచల ప్రదేశపు ఆపిలు తోటలలో రాయల్ డెలిషస్ చెట్ల నడుమ గోల్డెన్ డెలిషస్ వంటి వేరొక రకమును కూడ నాటుదురు. అంటుకట్టి పెంచిన ఒకే రకపు చెట్లు నూరున్నను, పుప్పొడి విషయమున అవి ఒక్క చెట్టే గదా!

మొక్కకే ముప్పు వచ్చిన సందర్భమును కలదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున ‘లేక్‌సైడ్ డైసీ’ యను పసుపుపచ్చని పూలమొక్క, పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది, గడచిన శతాబ్దమున క్షీణించి క్షీణించి కొలదిపాటి మొక్కలుగా మిగిలెను. పూలు పూచినవి, తేనెటీగలు వచ్చినవి, పుప్పొడియు చేరినది. అయినను పదునైదేండ్లకు పైగా మొలకెత్తగల విత్తనము ఒక్కటియు కట్టలేదు. పరీక్షించి చూడగా, మిగిలిన మొక్కలన్నియు పుప్పొడి విషయమున ఒకే తెగవని తేలినది. వానిలో ఒకదానికి మరియొకటి పరాయిది కాదు! ఒహైయో రాష్ట్రమునందలి అదే జాతి మొక్కలతో సంకరము చేయగా విత్తనములు కట్టినవి. 1988లో ఈ డైసీని ఇల్లినాయ్ నేలపై మరల నాటిరి. ఈసారి వేరువేరు తెగలను కలిపి నాటిరి.