జడ్జి కుర్చీకి దారి గుత్తి బార్ నుంచే

పామిడిలో డిగ్రీ పూర్తయిన పిల్లలను ఏం రాస్తున్నారని అడిగితే గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ అంటారు. జడ్జి పరీక్ష పేరెత్తేవాళ్లు అరుదు. అది పెద్దింటి పిల్లలకు దక్కే ఉద్యోగమని చాలామంది అపోహ. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు నోటిఫికేషన్ ఇచ్చేదీ, పరీక్ష పెట్టేదీ అమరావతిలోని హైకోర్టే. స్క్రీనింగ్ టెస్టు, ఆపైన సివిల్ లా, క్రిమినల్ లా, ఇంగ్లిష్ రాతపరీక్షలు, చివర్లో వైవా. ఇంగ్లిష్ పేపర్లో అనువాదం ఉంటుంది. తెలుగు మీడియం వాళ్లు దానికి భయపడతారు గానీ, తెలుగు సరిగా రాని కాన్వెంటు పిల్లలు బోల్తాపడేదీ అక్కడే.

లా డిగ్రీ తప్పనిసరి. దానికి లాసెట్ రాయాలి, అనంతపురంలోనే చదువుకోవచ్చు. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. 2002లో తీసేసిన మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తెచ్చింది. బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన రోజు నుంచే లెక్క. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. కరువు సీమలో మూడేళ్లు జూనియర్‌గా బతకడం కష్టమే, సీనియర్ ఇచ్చేది బస్సు చార్జీలకు సరిపోతే గొప్ప. అయినా ఈ నిబంధన మంచిదే అంటాను. కోచింగ్ సెంటర్లో సెక్షన్లు వస్తాయి, సాక్షి తడబాటును పసిగట్టడం మాత్రం గుత్తి కోర్టు హాల్లో కూర్చుంటేనే వస్తుంది.

వేరుశనగ చేను గట్టు దగ్గర తగాదా వచ్చి ఒక రైతు ఇంజంక్షన్ కోరుతూ దావా వేశాడనుకోండి. దావా, జవాబు దావా చదివి జడ్జి ఇష్యూలు రాసుకుంటారు. దావా వేసిన నాటికి భూమి వాది స్వాధీనంలో ఉందా? ప్రతివాది నిజంగా అడ్డుపడుతున్నాడా? ఇక సాక్ష్యమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. అడంగల్‌లో ఎవరి పేరుంది, హద్దులు సరిపోయాయా, పక్క చేను రైతు చీఫ్ విచారణలో చెప్పింది క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడిందా? హక్కు మీదే గట్టి వివాదం ఉంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు తేల్చమనే దావా వేయాలి. వరంగల్ మట్టెవాడ స్థలాల కేసులో 2008లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పిన సంగతి ఇది. సివిల్ పేపర్‌కు చదివేవాళ్లు ఆ తీర్పు వదలకూడదు.

అదే జడ్జి మేజిస్ట్రేటుగా దొంగతనం కేసు విన్నప్పుడు కొలత మారుతుంది. సివిల్‌లో ఎవరి వాదన ఎక్కువ నమ్మదగ్గదో చూస్తే చాలు. క్రిమినల్‌లో సహేతుకమైన సందేహం మిగలకూడదు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నానన్న మాట, భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం, ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. మూడేళ్ల వరకు జైలు వేసే అధికారం చేతిలో ఉన్నా, మనసులో 'వీడే చేశాడు' అనిపించడం తీర్పు కాదు. ఎందుకు నమ్మారో, ఎందుకు నమ్మలేదో కాగితం మీద పెట్టాలి, ఓడినవాడు దాన్నే పట్టుకుని అప్పీలుకు వెళ్తాడు.

దీనికి సాధన ఇంటి దగ్గరే చేయొచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో ఒక తీర్పు తీసుకోండి. ఇష్యూలు, సాక్ష్యం చదివి ఆగిపోండి. మీ నిర్ణయం రెండు పేజీల్లో రాసి, అప్పుడు జడ్జి రాసినదాంతో పోల్చుకోండి. గైడు పుస్తకాలు నేర్పని పని ఇది.

పైమెట్లు వేరు. జిల్లా జడ్జి నేరుగా కావాలంటే ఏడేళ్ల అనుభవం కావాలి. ప్రాక్టీసునూ జడ్జిగా చేసిన సర్వీసునూ కలిపి లెక్కించవచ్చని 2025 అక్టోబరు 9న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. హైకోర్టుకు పరీక్షే లేదు, కొలీజియం సిఫారసు చేయాలి. బాపట్లలో కొన్ని నెలలు జిల్లా మునసబుగా, అంటే కింది కోర్టు సివిల్ జడ్జిగా చేసి, మళ్లీ వకీలుగా వెళ్లిన కోకా సుబ్బారావు 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం రూ.77,840తో మొదలవుతుంది. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 35 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. 22 ఏళ్లకు మూడేళ్ల లా కోర్సులో చేరినవారు 28కి అర్హులవుతారు, ఆపైన చేతిలో మిగిలేది ఏడేళ్లు. నోటిఫికేషన్లు ఏటా వస్తాయన్న భరోసా లేదు గనుక ఈ ఏడాది లాసెట్ తేదీ చూసుకోండి.