మైకు ముందు ‘ప’ పలికితే

పోలియో చుక్కలు వేసే ముందు రోజు ఊళ్ళో ఆటో తిరుగుతుంది. ఆటో మీద లౌడుస్పీకరు ఉంటుంది. అంగన్‌వాడీ టీచరు ఫోనులో రికార్డు చేసిన మాటలు అందులోంచి వస్తాయి. “అయిదేళ్ళ లోపు పాపలకు, బాబులకు పోలియో చుక్కలు వేయించండి. పొద్దున్నే బడి దగ్గరకు రండి” అని ఆమె చెప్పింది. వాకిట్లో ఉన్న తల్లికి వినపడింది మాత్రం ‘ధబ్... ధబ్’ అనే చప్పుడు! ఎవరికి చుక్కలో, ఎక్కడికి రావాలో ఆ చప్పుడులో మునిగిపోయింది.

ఫోను పాడయిందా? కాదు. ఆమె గొంతు బాగాలేదా? అదీ కాదు.

ప, ఫ, బ, భ, మ అని మీరు పలక మీద వరసగా రాశారు కదా. ఇప్పుడు అరచేతిని నోటి ముందు పెట్టుకొని ‘ప’ అనండి. పెదవులు మూసుకుంటాయి. గాలి లోపల ఆగుతుంది. పెదవులు విడగానే ఒక్కసారి బయటికి కొడుతుంది. చేతికి తగిలిందా? ‘మ’ అనండి. ఆ దెబ్బ ఉండదు. ‘మ’ పలికేటప్పుడు గాలి ముక్కులోంచి పోతుంది. ‘ఫ’, ‘భ’ ఒత్తి పలికితే దెబ్బ ఇంకా ఎక్కువ. మనలో చాలామంది ‘భూమి’ని ‘బూమి’ అనే అంటారు. మైకుకు అదే కాస్త సుఖం!

మైకు లోపల డప్పు తోలులాగా ఒక పల్చని పొర ఉంటుంది. మాట తగిలితే అది సన్నగా అదురుతుంది. గాలి దెబ్బ తగిలితే గట్టిగా ఊగిపోతుంది. ఆ ఊపే ‘ధబ్’ అని వినపడుతుంది.

నోటి గాలి తిన్నగా ముందుకు పోతుంది. మాట అన్ని పక్కలకూ పోతుంది. కిటుకు ఇక్కడే ఉంది. మైకును నోటికి ఎదురుగా పెట్టకూడదు. కొంచెం పక్కకు, బుగ్గ వైపు పెట్టాలి. అప్పుడు గాలి పక్కనుంచి పోతుంది, మాట మైకుకు అందుతుంది.

ఈ పనికి పెద్ద చదువు అక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలయింది. దాన్ని నడిపింది పల్లె ఆడవాళ్ళే.

నోటికీ మైకుకూ జానెడు దూరం ఉండాలి. మరీ దూరం పెడితే కోళ్ళ అరుపులు, మోటారు చప్పుడు కూడా వచ్చి పడతాయి. చాలా ఫోన్లలో మైకు అడుగు అంచున చిన్న రంధ్రంలో ఉంటుంది. కొందరు ఆ అంచునే పెదవులకు ఆనించి మాట్లాడతారు. ధబ్ శబ్దానికి అదే మొదటి కారణం.

ఇంకో ఉపాయం ఉంది. పెద్ద గాజుకు పల్చని నైలాను గుడ్డ బిగించి కట్టండి. దాన్ని నోటికీ మైకుకూ మధ్య పట్టండి. గాలి ఆ గుడ్డకు తగిలి చెదిరిపోతుంది. గుడ్డను మైకుకే చుట్టేస్తే అంత లాభం ఉండదు. మందపాటి గుడ్డ అయితే మాట కూడా మొద్దుబారుతుంది.

రికార్డు చేశాక ఫోనులోనే విని ఊరుకోకండి. ఫోను చిన్న స్పీకరులో ఈ ధబ్ శబ్దం సరిగా వినపడదు. లౌడుస్పీకరులో పెట్టాక బయటపడుతుంది. అందుకే ముందు “పాప, బాబు, పోలియో, బడి” అని నాలుగు మాటలు రికార్డు చేయండి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోనుతో వినండి. ధబ్ మంటే ఫోనును ఇంకొంచెం పక్కకు జరిపి మళ్ళీ చెప్పండి.